కార్పెట్ మెషిన్‌లో నీళ్ళు వేడెక్కకపోతే: కాయిల్ బాగుచేయించాలా, మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నరసన్నపేటలో సోఫాలు, కారు సీట్లు, కల్యాణ మండపాల తివాచీలు శుభ్రం చేసే పని మొదలుపెట్టారు. అందుకోసం వాడిన మెషిన్ ఒకటి కొన్నారు. మోటారు తిరుగుతోంది, పంపు నీళ్ళు చిమ్ముతోంది, మురికినీళ్ళు లాగుతోంది, కానీ నీళ్ళు మాత్రం వేడెక్కడం లేదు. శ్రీకాకుళంలో ఒక షాపు వారు మూత తీయకుండానే ‘కాయిల్ పోయింది, మొత్తం హీటరే మార్చాలి’ అన్నారు. మోటార్లు చుట్టే ఇంకొకరు ‘తీసుకురండి, బాగుచేసి ఇస్తాను’ అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, మీరే విప్పి చూసుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. కాయిల్ నిజంగా కాలిపోతే దాన్ని బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే. అయితే మీ కాయిల్ కాలిపోయిందని ఇంతవరకు ఎవరూ కొలిచి చెప్పలేదు. ఇదే ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చే మెషిన్లలో కాయిల్ నిక్షేపంగా ఉండి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటో, వేడి హద్దు దాటితే కరెంటు ఆపే కటౌటో, తీగ కొసన ఉండే లోహపు లగ్గో పోయినవి చాలా ఉంటాయి. వాటి ఖరీదు హీటర్ ఖరీదులో ఏ మూలకూ రాదు. కాబట్టి పర్సు తీయకముందు మల్టీమీటరు (వోల్టేజీ, నిరోధం కొలిచే చిన్న మీటరు) తీయండి. కాయిలే పోయిందని తేలితే మాత్రం, ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగించకండి. కారణం అలాగే ఉండిపోతే కొత్తదీ అదే దారిన పోతుంది.

విజయనగరంలో గీజర్లు, ప్రెషర్ వాషర్లు, ఈ తివాచీ మెషిన్లు బాగుచేయడం నా వృత్తి. సిరిమానోత్సవానికి ముందు వారం ఊళ్ళో ఉన్న మెషిన్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పాడై నా బల్ల మీదకు వస్తాయి. అందుకే ఈ ఒక్క రోగం గురించి నాకు కాస్త ఎక్కువే తెలుసు. జవాబు పొడవైతే ఏమనుకోకండి.

మీ మెషిన్‌లో అసలు హీటర్ ఉందా? వెటకారంగా అడగడం లేదు. ‘స్టీమ్ క్లీనింగ్ మెషిన్’ అని పేరు పెట్టి అమ్మేవాటిలో చాలావాటిలో ఆవిరి ఊసే ఉండదు. ట్యాంకులో వేడినీళ్ళు మనమే పోయాలి. ఇంకొన్ని చిన్న మెషిన్లలో హీటర్ ఉంటుంది కానీ అది మనం పోసిన వేడినీళ్ళు చల్లారకుండా చూడటానికే, చన్నీళ్ళను కాచడానికి కాదు. వెనకవైపు నేమ్‌ప్లేటు చూడండి. మొత్తం 1000, 1200 వాట్లే రాసి ఉంటే అది మురికినీళ్ళు లాగే సక్షన్ మోటారు ఒక్కదానికే సరిపోతుంది, హీటర్ లేనట్టే. 2500 దాటి ఉండి, హీటర్‌కు విడిగా స్విచ్చు, దాని పక్కన దీపం ఉంటే హీటర్ ఉన్నట్టు. వాడిన సరుకు కదా, అమ్మినవారు లేని హీటర్‌ను ఉందని అంటగట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఉన్న హీటర్ రెండు రకాలు. ఒకటి ట్యాంకులోనే మునిగి ఉండే కాయిల్, గీజర్‌లో ఉన్నట్టే. రెండోది పంపుకూ గొట్టానికీ మధ్యలో ఉండే అల్యూమినియం దిమ్మ. ఆ దిమ్మలోనే కాయిల్, నీటి గొట్టం రెండూ పోతపోసి ఉంటాయి. నీళ్ళు అందులోంచి వెళ్తూ వేడెక్కుతాయి. మొదటి రకంలో కాయిల్ ఒక్కటే విప్పి మార్చవచ్చు. రెండో రకంలో కాయిల్ విడిగా రాదు, దిమ్మ మొత్తం మార్చాలి. మీ షాపు వారు ‘మొత్తం హీటరే’ అన్నది ఈ రెండో రకమని ఊహించి అయితే ఆ మాట తప్పు కాదు. కాకపోతే మూత తీయనిదే ఏ రకమో ఎలా తెలిసిందన్నది నా సందేహం.

ఇప్పుడు ‘వేడెక్కడం లేదు’ అన్న మాట. పూర్తిగా చల్లగా ఉండటం వేరు, గోరువెచ్చగా మాత్రమే ఉండటం వేరు. రెండోదైతే మెషిన్ విప్పకముందే వోల్టేజీ చూడండి. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులకు 1500 వాట్లిచ్చే కాయిల్, 180 వోల్టుల దగ్గర దాదాపు 920 వాట్లే ఇస్తుంది. పది లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 60కి తేవడానికి మామూలుగా 15 నిమిషాలు పడితే, ఆ వోల్టేజీలో 24 నిమిషాలు పడుతుంది. ట్యాంకు నుంచి పోయే వేడిని ఇందులో లెక్కలోకే తీసుకోలేదు.

దిమ్మ రకానికి ఇంకో లెక్క ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. 1500 వాట్ల దిమ్మలోంచి నిమిషానికి రెండు లీటర్ల నీళ్ళు ఆగకుండా వెళ్తుంటే, ఆ నీటి వేడి పెరిగేది దాదాపు 11 డిగ్రీలే. 28 డిగ్రీల నీళ్ళు పోస్తే 39 డిగ్రీల నీళ్ళు వస్తాయి. చేతికి గోరువెచ్చగా మాత్రమే అనిపిస్తాయి. హీటర్‌లో ఏ లోపమూ లేదు, అది చేయగలిగింది అంతే. ఆ రకం మెషిన్‌లో వేడినీళ్ళు పోసి మొదలుపెట్టాలి, ట్రిగ్గరు అదేపనిగా నొక్కి ఉంచకుండా ఆపి ఆపి నొక్కాలి.

రథసప్తమికి ముందు శ్రీకాకుళం నుంచి ఒక లాడ్జి వారు మెషిన్ తెచ్చి, ‘కాయిల్ నీరసించింది, ఇంకా పెద్దది వేయండి’ అన్నారు. నా దగ్గర పెట్టి చూస్తే లక్షణంగా వేడెక్కింది. కొలిస్తే కాయిల్ కొత్తదానితో సమానం. సంగతేమిటంటే, మూడో అంతస్తు వరండాలో వాడటానికి కింది గది నుంచి సన్నటి తీగతో పొడవాటి ఎక్స్‌టెన్షన్ లాగారు. సాయంత్రం అసలే వోల్టేజీ తక్కువ, ఆపైన ఆ తీగలో ఇంకొంత పోతోంది. తీగ మార్చుకోమని చెప్పి మెషిన్ అలాగే పంపించాను. పెద్ద కాయిల్ వేసి ఉంటే ఆ తీగే కాలిపోయేది.

ఇక విప్పడం. మీరే చూసుకోవచ్చా అంటే, కొలవడం వరకు చూసుకోవచ్చు, కరెంటు ఉండగా మాత్రం ఏదీ ముట్టుకోకూడదు. స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గు పీకి మీ కళ్ళ ముందు పెట్టుకోండి. పాత ఇళ్ళలో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటాయి. అలాంటి చోట స్విచ్చు ఆపినా కాయిల్ దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. ట్యాంకులో నీళ్ళు పూర్తిగా ఒంపి, మెషిన్ చల్లారాక మూత తీయండి. తీగలు ఊడదీయకముందు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఏ తీగ ఎక్కడిదో గుర్తుంటుందని అనుకుంటాం, సాయంత్రానికి గుర్తుండదు.

కాయిల్ రెండు కొసలకూ ఉన్న తీగలు తీసేసి, మీటరును ఓమ్స్ (నిరోధం కొలత) మీద పెట్టి ఆ రెండు కొసల మధ్య కొలవండి. తీగలు తీయకుండా కొలిస్తే పక్కనున్న దీపం, బోర్డు లాంటివి కలిసి తప్పు లెక్క చూపిస్తాయి. ఎంత రావాలన్నది తేలిక లెక్క: వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగించాలి. మన 230 వోల్టులకు 1000 వాట్ల కాయిల్ అయితే 53 ఓమ్స్, 1500 అయితే 35, 2000 అయితే 26న్నర, 3000 అయితే 17న్నర దగ్గర రావాలి. కాస్త అటూ ఇటూ ఉన్నా పరవాలేదు. ఇందులో వేడి పుట్టించే నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన లోహం) తీగ నిరోధం చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కినప్పుడూ పెద్దగా మారదు, కాబట్టి చల్లగా ఉండగా కొలిచిన అంకెనే నమ్మవచ్చు.

అంకె సరిగా ఉంటే కాయిల్ తీగ తెగలేదని అర్థం. మీటరు ఏ అంకె చూపకుండా ‘ఓ.ఎల్.’ అని చూపిస్తే లోపల తీగ తెగింది, దాని పని అయిపోయింది. రావాల్సినదానికి రెట్టింపు వస్తే, అందులో రెండు కాయిల్స్ జంటగా ఉండి ఒకటి పోయి ఉండవచ్చు. సగం వేడి వస్తోందనే ఫిర్యాదులకు ఇదొక కారణం.

వాడిన మెషిన్ అన్నారు కాబట్టి ఇంకో హెచ్చరిక. అమెరికా నుంచి దిగిన మెషిన్లు చాలావరకు 115 వోల్టులకు చేసినవి. అలాంటి 1750 వాట్ల హీటర్ కొలిస్తే ఏడున్నర ఓమ్స్ దగ్గర వస్తుంది. దాన్ని మన కరెంటుకు నేరుగా తగిలిస్తే నాలుగు రెట్లు, అంటే 7000 వాట్లు లాగబోతుంది. బ్రేకరు పడితే అదృష్టం. అంత తక్కువ అంకె కనిపిస్తే నేమ్‌ప్లేటు మీద వోల్టేజీ చూడకుండా ప్లగ్గు పెట్టవద్దు.

ఇక థర్మోస్టాటు సంగతి. చాలా మెషిన్లలో ఇది రూపాయి బిళ్ళంత గుండ్రని లోహపు బిళ్ళ. వెనక రెండు కాళ్ళుంటాయి, ఒంటి మీద కె.ఎస్.డి. 301 అనో మరొకటో, దానితోపాటు ఎన్ని డిగ్రీల దగ్గర విడిపోతుందో రాసి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కాళ్ళ మధ్య మీటరు దాదాపు సున్నా చూపాలి. చూపకపోతే అది పోయినట్టే. మారిస్తే అన్ని డిగ్రీలదే, అన్ని ఆంపియర్లదే వేయాలి. పది ఆంపియర్లదీ పదహారు ఆంపియర్లదీ చూపుకు ఒకేలా ఉంటాయి, షాపులో చేతికందింది ఇచ్చేస్తారు, చూసి తీసుకోండి.

దాని పక్కనే ఎర్ర బొత్తాం ఉన్న బిళ్ళ మరొకటి ఉంటే అది కటౌటు. హీటర్ హద్దు దాటి వేడెక్కితే అది విడిపోతుంది. బొత్తాం నొక్కితే టిక్కుమని మళ్ళీ కలుస్తుంది. విజయనగరంలో కార్లు కడిగే ఒక కుర్రవాడి మెషిన్ ఇలాగే మాటిమాటికీ చల్లబడేది. మూడు షాపులు తిరిగి, చివరికి ఆ కటౌటును తీసేసి తీగలు నేరుగా కలపమని నన్ను అడిగాడు. నీళ్ళు చిమ్మే జెట్టు విప్పి చూస్తే దాని సన్నటి రంధ్రంలో ఇసుక, ఎండిన షాంపూ గడ్డకట్టి ఉంది. నీళ్ళు సన్నగా వస్తుంటే దిమ్మ వేడి తీసుకుపోవడానికి ఏమీ లేక కటౌటు తన పని తాను చేస్తోంది. జెట్టు వేడినీళ్ళలో నానబెట్టి కడిగితే రోగం పోయింది. కటౌటును ఎప్పుడూ నేరుగా కలపకండి. అది మాటిమాటికీ పడుతోందంటే ఏదో చెబుతోంది, నోరు నొక్కేయకూడదు.

కొన్ని మెషిన్లలో బొత్తాం ఉండదు, బదులుగా చిన్న థర్మల్ ఫ్యూజు స్లీవులో దాగి ఉంటుంది. అది ఒక్కసారికే, కాలితే మార్చాలి. దాన్ని సోల్డరింగ్‌తో అతికించవద్దు. ఆ వేడికే కొత్త ఫ్యూజు పోతుంది. లగ్గు పెట్టి ప్లయర్‌తో నొక్కాలి.

ఇక కొలత సరిగా ఉండి కూడా స్విచ్చు వేయగానే ఆర్.సి.సి.బి. (కరెంటు ఎర్త్‌కు కారితే లైను ఆపేసే బ్రేకరు) పడిపోయే రకం ఒకటుంది. మీది ఆ రకం కాదనిపిస్తోంది, అయినా ఈ జవాబు చదివేవారిలో ఎవరికైనా పనికొస్తుంది. కాయిల్ లోపల నైక్రోమ్ తీగకూ పైనున్న లోహపు గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడికి తేమ పీల్చే గుణముంది. మెషిన్ నెలల తరబడి వాడకుండా పడి ఉంటే కొసల దగ్గరి సీలు గుండా తేమ లోపలికి చేరుతుంది. అప్పుడు కరెంటు కొంచెం కొంచెంగా పై గొట్టానికి, అక్కడి నుంచి ఎర్త్‌కు కారుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ బాధ మరీ ఎక్కువ.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు కల్యాణ మండపం నుంచి ఒక మెషిన్ వచ్చింది. పైకప్పు రేకులు లేచిపోయి అది వానలో నానింది. మోటారు ఆరబెట్టుకున్నారు, తిరుగుతోంది. హీటర్ స్విచ్చు వేస్తే బ్రేకరు పడుతోంది. ఓమ్స్ చూస్తే అచ్చంగా ఉండాల్సినంతే ఉంది. 500 వోల్టుల మెగ్గర్ (కరెంటు కారకుండా ఆపే నిరోధం కొలిచే మీటరు) పెట్టి కొసకూ గొట్టానికీ మధ్య చూస్తే మెగోమ్‌లో (అంటే పది లక్షల ఓమ్స్‌లో) పదో వంతు కూడా లేదు. కాయిల్ విప్పి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే తేమ పోయి అంకె పైకి లేచింది. వేడి తట్టుకునే సిలికాన్‌తో కొసలు మళ్ళీ సీలు చేసి ఇచ్చాను. ‘బాగుచేయడం’ అన్న మాటకు అర్థం ఉండేది ఇలాంటి చోటే. ఆరబెట్టిన తర్వాత కూడా ఒక మెగోమ్ దాటకపోతే ఆ కాయిల్ పారేయాలి. ఇది మామూలు మల్టీమీటరుతో తేలదు, మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్ళాలి.

బ్రేకరు పడుతోందని ఎర్త్ తీగ కోసేసేవాళ్ళుంటారు. తడి తివాచీ మీద చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి, చేతిలో లోహపు గొట్టం పట్టుకుని చేసే పని ఇది. అలా కోసిన మెషిన్ నా దగ్గరికి వస్తే ఎర్త్ కలపనిదే తిరిగి ఇవ్వను. వాళ్ళకు కోపం వచ్చినా సరే.

ఇప్పుడు మోటార్లు చుట్టే ఆయన మాటకొద్దాం. ఆయన్ను తప్పుపట్టడం లేదు. మోటారులో తీగ పైకి కనిపిస్తుంది, విప్పి కొత్తది చుట్టవచ్చు. కాయిల్ అలా కాదు. కాలిపోయిన కాయిల్ ఒకటి రంపంతో అడ్డంగా కోసి చూస్తే విషయం తెలుస్తుంది. బయట స్టీలు గొట్టం, దాని లోపల సున్నపురాయిలా గట్టిపడిన తెల్లటి పొడి, ఆ పొడి నడిమధ్యలో స్ప్రింగులా చుట్టుకున్న సన్నటి తీగ. ఫ్యాక్టరీలో పొడి నింపాక గొట్టాన్ని రోలర్ల మధ్య నొక్కి సన్నం చేస్తారు. ఆ ఒత్తిడికే పొడి రాయిలా బిగుస్తుంది. తెగిన చోటు బయటకు తెలియదు. తెలిసినా అక్కడికి చేరాలంటే గొట్టం కోయాలి. కోసి అతికించి మళ్ళీ నీళ్ళలో ముంచడమంటే నీళ్ళలోకి కరెంటు వదలడమే. కొన్నిసార్లు గొట్టమే ఎండిన మినపకాయలా నిలువునా చీలి, అంచుల్లోంచి తెల్లపొడి నల్లబడి బయటికి వచ్చి ఉంటుంది. అలాంటిది చూశాక ఇక మీటరు కూడా పెట్టనక్కరలేదు.

ఆయన బాగుచేయగలిగింది ఒకటుంది. కాయిల్ కొసన ఉండే లగ్గు వదులైతే అక్కడ వేడి పుట్టి, లగ్గు నల్లబడి, తీగ తొడుగు కరిగిపోతుంది. కాయిల్ బాగానే ఉన్నా కరెంటు అందదు. అప్పుడు కొసను ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కాలిన తీగను ఆరోగ్యంగా ఉన్న చోటిదాకా కోసి, కొత్త లగ్గు గట్టిగా నొక్కాలి. మామూలు పి.వి.సి. తీగ 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. హీటర్ దగ్గర 180 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ తీగే వేయాలి. మీ మెషిన్ విప్పగానే ముక్కుకు కాలిన వాసన తగిలితే ముందు ఈ లగ్గులే చూడండి.

కాయిల్ మార్చాల్సే వస్తే ఏది కొనాలి? కంపెనీ భాగం దొరికితే అదే. దొరకకపోతే పాతదాన్ని చేతిలో పట్టుకుని విశాఖపట్నం వెళ్ళండి, నమూనా చూసి హీటర్లు చేసిచ్చేవారు అక్కడ దొరుకుతారు. వాళ్ళకు వోల్టేజీ, వాట్లు, పొడవు, గొట్టం లావు, వంపు, బిగించే చోట మర సైజు అన్నీ కావాలి. అందుకే పాతదాన్ని పారేయవద్దని చెప్పేది. గొట్టం రాగిదా, స్టీలుదా, ఇన్‌కొలాయ్‌దా (నికెల్, క్రోమియం, ఇనుము కలిపిన లోహం) అని అడుగుతారు. ఉప్పు, సున్నం ఎక్కువ ఉన్న నీళ్ళకు ఇన్‌కొలాయ్ ఎక్కువ కాలం నిలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది.

వాట్లు పెంచాలన్న ఆశ వద్దు. గీజర్ కాయిల్ చవగ్గా వస్తుంది కదా అని 1500 ఉన్నచోట 3000 వేయించుకునేవాళ్ళను చూశాను. అది 13 ఆంపియర్లు లాగుతుంది. మెషిన్‌లోని స్విచ్చు, థర్మోస్టాటు, లోపలి తీగ దేనికీ అంత ఓపిక ఉండదు. పైగా ప్లాస్టిక్ ట్యాంకుకు దగ్గరగా కాయిల్ వస్తే ట్యాంకు వంగిపోతుంది.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్టు మళ్ళీ వాడకండి. ప్లాస్టిక్ ట్యాంకు అయితే బలం చూపించి బిగించకండి, పగులు అప్పుడే కనిపించదు, వేడెక్కాక కారుతుంది. దిమ్మ రకమైతే థర్మోస్టాటు కింద వేడి ప్రసరించే పేస్టు పలుచగా రాయాలి, లేకపోతే దిమ్మ ఎంత వేడెక్కిందో దానికి ఆలస్యంగా తెలుస్తుంది. అన్నీ బిగించాక కరెంటు ఇవ్వకుండా నీళ్ళు నింపి కాసేపు ఉంచి, కింద కాగితం పరిచి చెమ్మ వస్తుందేమో చూడండి. తర్వాత ప్లగ్గులోని ఎర్త్ కాలికీ మెషిన్ లోహపు భాగానికీ మధ్య కొలిస్తే ఒక ఓమ్ లోపే ఉండాలి. ఆ తర్వాతే స్విచ్చు. మొదటిసారి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న లైను మీదే వేయండి. నిజానికి ఎప్పుడూ అలాంటి లైను మీదే వాడాలి.

ఇక కాయిల్‌ను చంపేవి. మన వైపు మొదటి ముద్దాయి బోరు నీళ్ళు. స్టీలు బిందె అడుగున తెల్లగా పేరుకునేదే కాయిల్ మీదా పేరుకుంటుంది. నీళ్ళు వేడెక్కినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి గొట్టానికి అంటుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వదు, దాంతో కాయిల్ లోలోపలే మాడుతుంది. గోటితో గీరితే పెచ్చులుగా లేచేంత పొర ఉంటే కడగాల్సిన సమయం దాటినట్టే.

కడగడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడినీళ్ళకు రెండు మూడు చెంచాలు కలిపి, ట్యాంకులో పోసి, హీటర్ ఆపి ఉంచి, అరగంట నాననివ్వండి. దిమ్మ రకమైతే పంపు కాసేపు నడిపి ఆ నీళ్ళు లోపలికి చేరనివ్వాలి. తర్వాత మంచినీళ్ళతో రెండు ట్యాంకులు పారించాలి. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వవద్దు. అది సున్నంతోపాటు అల్యూమినియాన్నీ తింటుంది, స్టీలు గొట్టానికి సూదిమొనంత రంధ్రాలు పెడుతుంది. బ్లీచింగ్ కలిసిన నీళ్ళలో నిమ్మ ఉప్పైనా వేయకూడదు, విషవాయువు వస్తుంది.

రెండోది ఎండు కాపు. నీళ్ళు లేకుండా హీటర్ వేయడం. ట్యాంకు రకంలో కాయిల్ పూర్తిగా మునిగిందా లేదా చూడాలి. దిమ్మ రకంలో పంపు వేసి, జెట్టు నుంచి గాలి బుడగలు లేకుండా ధార వచ్చాకే హీటర్ స్విచ్చు వేయాలి. పని ముగిశాక ముందు హీటర్ ఆపి, ఇంకాసేపు నీళ్ళు పారించి, ఆ తర్వాత పంపు ఆపాలి. అందరూ ఇంటికెళ్ళే తొందరలో అన్నీ ఒకేసారి ఆపేస్తారు. దిమ్మలో నిలిచిన షాంపూ నీళ్ళు ఆ వేడికి అక్కడే మాడి గట్టిపడతాయి. పనివాళ్ళను పెట్టుకుంటే ఈ వరుసను మెషిన్ మూత మీదే రాసి అంటించండి.

మూడోది జనరేటరు. పెళ్ళిళ్ళలో సరిగా అమర్చని జనరేటరు 260 వోల్టులు ఇచ్చినా ఎవరికీ తెలియదు. కాయిల్ మీద అప్పుడు దాదాపు 28 శాతం అదనపు భారం పడుతుంది. ప్లగ్గు పెట్టే ముందు మీటరుతో ఒకసారి చూసుకుంటే పోయేదేమీ లేదు.

ప్లగ్గు సంగతీ చెప్పాలి. 1500 వాట్ల హీటర్, 1200 వాట్ల సక్షన్ మోటారు, పంపు కలిస్తే 12 ఆంపియర్లు దాటుతుంది. ఇది 16 ఆంపియర్ల సాకెట్టు పని. కస్టమరు ఇంట్లో టీవీ పక్కనున్న 6 ఆంపియర్ల సాకెట్టుకు మారుపిన్ను పెట్టి తగిలిస్తే సాకెట్టు కరుగుతుంది, నష్టం మీ నెత్తిన పడుతుంది. ఎక్స్‌టెన్షన్ వాడితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగది, మూడు తీగలున్నది వాడండి, చుట్ట పూర్తిగా విప్పి వాడండి. కొన్ని మెషిన్లకు రెండు ప్లగ్గులుంటాయి. రెండు వేరు వేరు లైన్లకు పెట్టమనే వాటి ఉద్దేశం. రెండూ ఒకే బోర్డులో గుచ్చితే ఆ ఏర్పాటుకు అర్థమే లేదు.

చివరగా మీ విషయం. మీరు రాసిన లక్షణాల్లో బ్రేకరు పడటం లేదు, మిగతావన్నీ నడుస్తున్నాయి, నీళ్ళు పూర్తిగా చల్లగా ఉన్నాయి. నేనైతే ముందు కటౌటు, తర్వాత లగ్గులు, తర్వాత థర్మోస్టాటు, ఆ తర్వాతే కాయిల్ అని చూస్తాను. కాయిల్ పోయినా కంగారుపడి మెషిన్ పక్కన పడేయకండి. భాగం వచ్చేదాకా కస్టమరు ఇంటి గీజర్ నుంచి వేడినీళ్ళు పట్టి పోసి పని చేయవచ్చు. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, చాలా మెషిన్ల ట్యాంకులు, పంపు రబ్బర్లు 60 డిగ్రీలకు మించి ఓర్చుకోవు. ఉన్ని తివాచీలకు అయితే గోరువెచ్చని నీళ్ళే మేలు, వేడికి ఉన్ని ముడుచుకుంటుంది.

పంపు కూడా కారుతూ, ట్యాంకు పగిలి, సక్షన్ మోటారు అరుస్తూ ఉంటే మాత్రం కొత్త హీటర్ మీద డబ్బు పెట్టవద్దు. అవన్నీ బాగుండి హీటర్ ఒక్కటే పోతే పెట్టవచ్చు. నేమ్‌ప్లేటు మీదున్న వోల్టేజీ, వాట్లు, కాయిల్ కొసల మధ్య వచ్చిన ఓమ్స్, థర్మోస్టాటు మీద రాసి ఉన్న అంకెలు ఇక్కడే కింద రాయండి. ఏ భాగం కొనాలో చెబుతాను. అంతవరకు ఇద్దరు షాపు వాళ్ళకూ అడ్వాన్సు ఇవ్వకండి.